నీరు మారితే ఎర మారాలి

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో రస్సెల్ బ్లెస్సింగ్ అనే ఆయన 1967లో ఒక ఎర కట్టాడు. పొడవాటి కాడ ఉన్న గాలం, దాని వెనక మెత్తటి నూగు ఈకతో నల్లటి తోక, కాడ పొడవునా ఆలివ్ రంగు నూలు, ఆ నూలు మీద మెలికలుగా చుట్టిన నల్ల కోడిపుంజు ఈక. అంతకు మించి అందులో ఏమీ లేదు. ఏటి అడుగున రాళ్ల కింద బతికే డాబ్సన్‌ఫ్లై అనే పురుగు పిల్లదశను అనుకరిద్దామని, స్మాల్‌మౌత్ బాస్ అనే చేప కోసం దాన్ని తయారుచేశాడు. 1984లో బ్యారీ బెక్ అనే రచయిత ఆ ఎర గురించి ఒక పత్రికలో రాశాక అది దేశమంతా పాకింది, తర్వాత సముద్రాలు దాటింది. ‘ఊలీ బగ్గర్’ అన్న పేరు వినని ఫ్లై ఫిషింగ్ వేటగాడు ఇవాళ దాదాపు లేడు. ఇందులో తమాషా ఏమిటంటే, డాబ్సన్‌ఫ్లై పిల్లను మనసులో పెట్టుకుని దాన్ని నీళ్లలో వేసేవాళ్లు చాలా తక్కువ. చెరువులో వేసేవాడు జలగ అనుకుంటాడు, ఏటిలో వేసేవాడు చిన్నచేప అనుకుంటాడు, రాళ్ల మధ్య ఈడ్చేవాడు రొయ్యజాతి ప్రాణి అనుకుంటాడు. ట్రౌట్ పడుతుంది, బాస్ పడుతుంది, సాల్మన్ కూడా పడుతుంది. కట్టినవాడు ఒకటి తలిస్తే నీళ్లు మరొకటి తేల్చాయి.

ఇలాంటి ఎరల నమూనాలను పంచుకోవాలా, దాచుకోవాలా అన్న తగువు ఈ వేటలో పాతదే. పంచుకోవాలన్నదే నా పక్షం. దాతృత్వం గొప్పదని కాదు, అంతకంటే గట్టి కారణం ఉంది. ఎర నమూనా అంటే ఒక ఊహ. ఫలానా నీళ్లలో, ఫలానా వేళ, ఫలానా చేప దేన్ని చూసి నోరు తెరుస్తుందో ఒకడు ఊహించి ఈకతో, దారంతో రాసిన రాత అది. ఆ ఊహలో ఎంత పాలు నిజమో, ఎంత పాలు కట్టినవాడి ముచ్చటో సొంత ఊరి ఏటిలో ఎన్నాళ్లు వేసినా తేలదు. వేరొకడు వేరే నీళ్లలో వేసినప్పుడే తేలుతుంది. దీనికి తోకగా ఇంకో మాట కూడా చెప్పాలి: అందుకున్నవాడు దాన్ని తన నీళ్లకు తగ్గట్టు మార్చుకోకపోతే ఆ పంపకం వృథా.

ముందు ఈ వేట సంగతి కాస్త చెప్పుకోవాలి. మనం చూసే మామూలు గాలంలో బరువు ఎర దగ్గరే ఉంటుంది. వానపామో, పిండి ఉండో, సీసం గుండో విసిరితే ఆ బరువే తాడును లాక్కుపోతుంది. ఈకతో కట్టిన ఎరకు బరువంటూ ఉండదు, దాన్ని ఎంత బలంగా విసిరినా కాళ్ల దగ్గరే పడుతుంది. అందుకని ఫ్లై ఫిషింగ్‌లో బరువంతా తాడుకే ఇస్తారు. మధ్యరకం ట్రౌట్ వేటకు వాడే 5వ నంబరు తాడు మొదటి 30 అడుగులు సుమారు 9 గ్రాములు తూగుతుంది. కర్రను వెనక్కీ ముందుకీ ఊపితే ఆ తాడు గాలిలో కొరడాలా విచ్చుకుని, చివర కట్టిన ఈకముక్కను నీటి మీద మెల్లగా దించుతుంది. ఇన్ని తంటాలు ఎందుకంటే, ట్రౌట్‌లాంటి చేపలు తినే తిండిలో ఎక్కువ భాగం పురుగులే. అంత అల్పమైన ప్రాణిని గాలానికి గుచ్చి విసరడం కుదిరే పని కాదు, కాబట్టి దాని రూపాన్ని గాలం మీదే కట్టాలి. గాలం నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. 20వ నంబరు గాలాన్ని చిటికెన వేలి గోటి మీద పెట్టవచ్చు. దాని మీద తోక, ఒళ్లు, రెక్క, కాళ్లు అన్నీ కట్టేవాళ్లున్నారు.

ఈ విద్య ఎంత పాతదంటే, సుమారు క్రీ.శ. 200 నాటికే రోమన్ రచయిత ఏలియన్ దీన్ని వర్ణించాడు. మాసిడోనియాలో ఒక ఏటి దగ్గరి జాలరులు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు కట్టి, మచ్చల చేపలను పట్టేవారని ఆయన రాశాడు. తర్వాత 1496లో ఇంగ్లండులో అచ్చయిన ఒక చిన్న గ్రంథం పన్నెండు ఎరలను, ఏ నెలకు ఏది పనికొస్తుందో సహా ఇచ్చింది. 1624లో స్పెయిన్‌లోని ఆస్టోర్గాలో హువాన్ డె బెర్గారా రాసిన చేతిరాత ప్రతిలోనూ ఎరలు నెలల వరుసలోనే ఉన్నాయి. ఈ పద్ధతి గమనించదగ్గది. అచ్చు యంత్రం కొత్తగా వచ్చిన రోజుల్లోనే ఎరల నమూనాలు పుస్తకంలోకి ఎక్కాయి, పైగా ఉత్త నమూనాగా ఎక్కలేదు, కాలంతో ముడిపెట్టి ఎక్కాయి. ఏ నెలలో ఏ పురుగు రెక్కలు విప్పుతుందన్న లెక్క లేకుండా ఎర ఒక్కటే చెబితే లాభం లేదని ఆ రాసినవాళ్లకు తెలుసు. ఐదు వందల ఏళ్ల తర్వాత మనవాళ్లు ఎర ఫొటో ఒకటి పంపి ‘ఇది బాగా పనిచేస్తుంది’ అని ఊరుకోవడం చూస్తే, ఈ విషయంలో వెనక్కి నడిచామేమో అనిపిస్తుంది.

ఆ పురుగుల్లో పెద్దపీట మేఫ్లైది. ఇది చాలా జాతుల్లో ఏడాది దాకా నీటి అడుగునే పిల్లదశలో ఉంటుంది. తర్వాత ఒకరోజు పైకి తేలి, నీటి మీదే చర్మం చీల్చుకుని, మసక రెక్కలతో బయటికొస్తుంది. కొన్ని గంటల్లోనో మర్నాడో మళ్లీ ఒకసారి కుబుసం విడిచి గాజులాంటి రెక్కలు తెచ్చుకుంటుంది. రెక్కలొచ్చాక మళ్లీ కుబుసం విడిచే పురుగు ప్రపంచంలో ఇదొక్కటే. ఆ దశలో తినడానికి దానికి పనిచేసే నోరు కూడా ఉండదు. జత కట్టి, గుడ్లు పెట్టి, నీటి మీద వాలి చచ్చిపోతుంది. అంటే ఒకే పురుగు చేపకు కనీసం మూడు నాలుగు రూపాల్లో తిండి అవుతుంది: అడుగున పాకేది, పైకి లేచేది, తేలుతూ రెక్కలు ఆరబెట్టుకునేది, చచ్చి పరుచుకుని తేలేది. ఒక్కోదానికి ఒక్కో రకం ఎర కావాలి. పైన తేలే ఎరకు కోడిపుంజు మెడ ఈకను గాలం చుట్టూ తిప్పితే ఈకపోగులు చక్రంలా నిక్కబొడుచుకుని, ఆ మొనల మీద ఎర నిలబడుతుంది. నీటి కింది నుంచి పైకి చూసే చేపకు తల మీద గుండ్రటి కిటికీలాంటి భాగంలోనే బయటి ప్రపంచం కనిపిస్తుంది, దాని చుట్టూ నీటి ఉపరితలం అద్దంలా మెరుస్తుంది. ఆ అద్దంలో పురుగు ఒళ్లు కనబడదు, కాళ్లు నీటిని నొక్కిన చోట చుక్కలు మాత్రం కనబడతాయి. ఈకపోగుల మొనలు చేసేవి సరిగ్గా ఆ చుక్కలనే. అమెరికాలో విన్సెంట్ మారినారో 1950లో వెలువరించిన పుస్తకంలోనూ ఆ తర్వాతా చేప కంటితో చూడమని పట్టుబట్టడానికి కారణం ఇదే. మనిషి కంటికి అచ్చం పురుగులా ఉన్న ఎర చేప కంటికి పురుగులా ఉండాలనేం లేదు.

ఈకకు అంత పని ఉంది కాబట్టే దాని రంగుకూ నాణ్యానికీ అంత పట్టింపు. గోదావరి జిల్లాల్లో పందెం పుంజులను ఈకల రంగును బట్టి డేగ, కాకి, నెమలి, సేతువ అని వేరుచేసినట్టే, ఎరలు కట్టేవాళ్లూ బూడిద చారలదాన్ని ‘గ్రిజ్లీ’ అనీ, నీలిబూడిద రంగుదాన్ని ‘డన్’ అనీ విడివిడి పేర్లతో పిలుస్తారు. గ్రిజ్లీ, గోధుమ రంగు ఈకలు రెండూ కలిపి చుట్టిన ‘ఆడమ్స్’ అనే ఎరను 1922లో మిషిగన్ రాష్ట్రంలో లెన్ హల్లడే కట్టాడు. అది ఫలానా పురుగు అని ఎవరూ తేల్చి చెప్పలేరు. రెండు రంగుల పోగులు కలగలిసి కాస్త కదులుతున్నట్టు కనిపిస్తాయి, అదే దాని బలం. ఈ ఈకల కోసమే పుంజులను ఏరి, జతకట్టించి, తరాల తరబడి పెంచే కోళ్ల ఫారాలు అమెరికాలో ఉన్నాయి. స్పెయిన్‌లోని లియోన్ కొండప్రాంతంలో ఎర ఈకల కోసమే పుంజులను పెంచే ఆచారం శతాబ్దాల నాటిది.

ఇక నమూనాలు ప్రయాణించిన తీరుకు వద్దాం. దక్షిణ ఇంగ్లండులో టెస్ట్, ఇచెన్ అనే నదులున్నాయి. సుద్దరాతి పొరల్లో ఇంకిన వాన నీరు ఊటలుగా వచ్చి పారే నదులు అవి. నీళ్లు అద్దంలా తేటగా, నెమ్మదిగా, ఏడాది పొడవునా ఇంచుమించు ఒకే చల్లదనంతో ఉంటాయి. పురుగులు పుష్కలం. తీరిగ్గా చూసి, నచ్చితేనే తినే వసతి అక్కడి చేపలకు ఉంది. ఆ నీళ్ల దగ్గర కూర్చుని ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ 1886లో తేలే ఎరల మీద ఒక గ్రంథం వెలువరించాడు. పురుగు రంగు, రెక్క, తోక అన్నీ పోలికగా ఉండాలన్నది ఆయన మార్గం. అట్లాంటిక్‌కు ఆవల న్యూయార్క్ రాష్ట్రపు క్యాట్‌స్కిల్ కొండల్లో థియోడర్ గోర్డన్ ఆ గ్రంథం చదివి ఆయనకు ఉత్తరం రాశాడు. 1890లో హాల్ఫర్డ్ జవాబుతోపాటు కొన్ని ఎరలు కూడా పంపాడు. అమెరికా తేలే ఎరల చరిత్రను ఆ కవరు దగ్గర మొదలుపెట్టేవాళ్లు చాలామంది. అయితే ఆ కవరులోని ఎరలు క్యాట్‌స్కిల్ ఏళ్లకు ఉన్నవున్నట్టు పనికిరావు. అక్కడి నీళ్లు రాళ్ల మీదుగా దూకుతూ పోతాయి, అక్కడి పురుగులూ వేరు. గోర్డన్ పోలిక కోసం పాకులాడకుండా ఎర ఎలా నిలబడుతుందో చూశాడు. బిరుసైన ఈకలు పల్చగా చుట్టి, అడవి బాతు పక్క ఈకతో రెక్క నిలబెట్టి, ఉరవడిలోనూ మునగని ఎర తయారుచేశాడు. ‘క్విల్ గోర్డన్’ పేరుతో అది ఇప్పటికీ వాడుకలో ఉంది. ఉత్తరంలో వచ్చిన నమూనాకు గౌరవం ఇవ్వడమంటే గోర్డన్ చేసినట్టు దాన్ని విప్పి, మన ఏటికి మళ్లీ కట్టుకోవడమే.

ఇంగ్లండులోనేమో దీనికి తలకిందులుగా జరిగింది. హాల్ఫర్డ్ శిష్యులు ఆయన ఊహలను శాసనం చేశారు. తేలే ఎర తప్ప మరోటి వేయడం మర్యాద కాదన్నంత దూరం పోయింది కొన్ని చోట్ల. లండన్ న్యాయవాది జి.ఇ.ఎం. స్క్యూస్ అదే ఇచెన్ నదిలో పట్టిన చేపల పొట్టలో ఏముందో తీసి చూశాడు. నీటి పైన తేలే రెక్కల పురుగుల కంటే, పైకి రాకముందు మింగిన పిల్లదశ పురుగులే ఎక్కువ కనిపించాయి. మునిగే చిన్న ఎరలు కట్టి 1910లో పుస్తకం రాశాడు. ఆ గొడవ చల్లారకపోగా 1938లో లండన్ ఫ్లైఫిషర్స్ క్లబ్‌లో దీని మీద చర్చ పెట్టేదాకా వెళ్లింది. మంచి నమూనా పుస్తకమే చట్టమైపోతే ఎంత కాలం వృథా అవుతుందో ఈ ఉదంతం చెబుతుంది.

ఈ తగువుకు అందమైన ముగింపు పలికింది విల్ట్‌షైర్‌లో ఏవన్ నదికి కాపలాదారుగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్. ఆయన కట్టిన ‘ఫెజెంట్ టెయిల్ నింఫ్’ను కాస్త దగ్గరగా చూడాలి. దానికి దారం లేదు. వెంట్రుకలాంటి రాగితీగే దారం, అదే బరువు. ముందు గాలం కాడ మీద ఆ తీగను చుట్టి, ఛాతీ ఉండే చోట కొన్ని చుట్లు ఎక్కువ వేసి చిన్న బుడిపె చేస్తారు. ఫెజెంట్ కోడి తోక ఈక నుంచి నాలుగైదు ఎర్రగోధుమ పోగులు తీసి, వాటి కొసలు వెనక తోకలా నిలిచేట్టు తీగతో బిగిస్తారు. మిగిలిన పోగులను తీగతో కలిపి పురి తిప్పి కాడ మీద ముందుకు చుట్టుకొస్తే ఒళ్లు తయారవుతుంది. తీగ చుట్లు అక్కడక్కడా మెరుస్తూ ఒంటి మీది గీతల్లా కనిపిస్తాయి. ఛాతీ దగ్గరకొచ్చాక పోగులను వీపు మీదుగా ముందుకూ వెనక్కూ మడిచి బిగిస్తే రెక్కల సంచి. అయిపోయింది. కాళ్లు కట్టలేదు, ఎందుకంటే ఈదేటప్పుడు ఆ పురుగు కాళ్లను ఒంటికి అదిమిపెట్టుకుంటుందని సాయర్ రోజూ ఏటి ఒడ్డున చూసేవాడు. రెండే సరుకులతో, చూపు మీద ఆధారపడి కట్టిన ఆ ఎర ఆయన 1958లో పుస్తకంలో వివరంగా రాశాక దేశదేశాలకు వెళ్లింది. అమెరికాలో దానికి కాళ్లు కట్టారు, తల దగ్గర నెమలి పింఛం పోగు చేర్చారు. తర్వాతివాళ్లు బరువైన లోహపు పూస గుచ్చి వడినీళ్ల అడుగుకు దించారు. ఇవన్నీ అక్కర్లేని అలంకారాలని కొట్టిపారేయలేం. పూస సంగతే తీసుకుంటే, ఏవన్‌లాంటి నెమ్మది నీళ్లలో రాగితీగ బరువు చాలు, మంచు కరిగి దూకే కొండ ఏటిలో చాలదు. ఎర్రగోధుమ రంగు, సన్నటి ఒళ్లు, ఛాతీ దగ్గర బుడిపె మాత్రం ఎక్కడా మారలేదు. ఇన్ని చేతులు మారాక మిగిలింది కాబట్టే ఆ మూడింటిలోనే ఎర ప్రాణం ఉందని ధైర్యంగా చెప్పగలం. సాయర్ ఒక్కడే దాచుకుని ఉంటే ఈ సంగతి ఆయనకే తెలిసేది కాదు.

చేప మారినా ఇదే కథ. కెనడాలోని నిపిగాన్ నదిలో అడుగున ఉండే స్కల్పిన్ అనే పెద్దతల చిన్నచేపను అనుకరిస్తూ 1937లో డాన్ గేపెన్ ‘మడ్లర్ మిన్నో’ కట్టాడు. జింక వెంట్రుకలను తల దగ్గర గుత్తిగా కట్టి కత్తిరించడం దాని ప్రత్యేకత. మాంటానాకు వెళ్లాక అదే ఎర నూనె రాస్తే మిడతగా తేలింది. 1987లో బాబ్ క్లౌజర్ పెన్సిల్వేనియాలోని సస్క్వెహానా నదిలో బాస్ చేపల కోసం కట్టిన ఎర తమాషా మరీ పెద్దది. చిన్న డంబెల్ ఆకారపు సీసం కళ్లను గాలం కాడ మీద కట్టడంతో ఎర తిరగబడి, ముల్లు పైకి చూస్తూ ఈదుతుంది. అడుగు రాళ్లకు తగులుకోదు, ఆపితే ముక్కు కిందికి దిగుతుంది, లాగితే లేస్తుంది. లెఫ్టీ క్రే అనే పేరుమోసిన వేటగాడు దానికి పేరు పెట్టి ప్రచారం చేశాక అది ఉప్పునీళ్లకు చేరింది. నదిచేప కోసం పుట్టిన ఎర సముద్రతీరపు చేపలెన్నింటికో మొదటి ఎంపిక అయింది. దాని జింకతోక వెంట్రుకలను రకరకాల రంగుల్లో కట్టినా పనిచేసింది, కాబట్టి అసలు కిటుకు కళ్ల బరువులోనూ ఆ లేచిపడే నడకలోనూ ఉందనుకోవచ్చు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. జపాన్ కొండల్లో టెన్కారా అనే పద్ధతి ఉంది. పొడవాటి కర్ర, కొసకు తాడు, చివర ఒక ఎర. చక్రం, తాడు చుట్టే సరంజామా ఏమీ ఉండవు. పూర్వం అక్కడి వృత్తి జాలరులు ఇవానా, అమగో వంటి కొండచేపలు పట్టి సత్రాలకు అమ్ముకునేవారు. వాళ్లలో చాలామంది ఏడాది పొడవునా ఒకటే ఎర కట్టేవారు. ఈకపోగులు గాలానికి తాడు కట్టే కంటి వైపు ముందుకు విచ్చుకుని ఉండే ఆ ఎర ఏ ఒక్క పురుగునూ పోలి ఉండదు. పొట్టకూటికి చేపలు పట్టేవాళ్లకు ఒక్క ఎరతో సరిపోయినప్పుడు వేల నమూనాలూ, పుస్తకాలూ, పంపకాలూ ఎందుకు, ఇదంతా తీరిక ఉన్నవాళ్ల ఈకల పిచ్చి కాదా అని అడిగితే జవాబు చెప్పాలి. పిచ్చి కొంత ఉంది, ఒప్పుకుంటాను. డబ్బాల నిండా ఎన్నడూ నీరు ముట్టని ఎరలు దాచుకునేవాళ్లు ఈ లోకంలో కొల్లలు. కానీ టెన్కారా పుట్టిన నీళ్లు చూడండి. వడిగా దూకే చల్లటి కొండవాగులు, తిండి తక్కువ, కొట్టుకొచ్చినదాన్ని క్షణంలో పట్టకపోతే చేజారిపోతుంది. అలాంటి చోట చేపకు పరీక్షించే తీరిక లేదు. అదే ఎరను టెస్ట్ నది తేట నీళ్లలో, ఒకేరకం పురుగులు వేలల్లో తేలుతున్న సాయంత్రం వేస్తే మాటే వేరు. ఒక్క ఎర చాలన్నది టెన్కారా నీళ్లు చెప్పిన తీర్పు, అన్ని నీళ్లకూ వర్తించే సూత్రం కాదు. పైగా ఆ ఒక్క ఎరలో కూడా లోయలోయకూ తేడా ఉంటుంది. ఆ జాలరులు ఎర మార్చకుండా దాన్ని నడిపించే తీరు మార్చుకున్నారు. నమూనా ఎంత ముఖ్యమో నడిపించే తీరు అంత ముఖ్యమని వాళ్ల నుంచి మిగతా ప్రపంచం నేర్చుకుంది, అదీ పంపకమే.

రెండో అభ్యంతరం దాచుకునేవాళ్లది. అందరికీ తెలిస్తే ఎర పదును పోతుంది, చేపలు తెలివిమీరతాయి, ఏటి ఒడ్డున జనం మూగుతారు అంటారు. ఇందులో సగం నిజం. ఒక చిన్న వాగులో రోజూ అదే ఎర కనిపిస్తే చేపలు జాగ్రత్తపడతాయి. అయితే వాగుకు చేటు తెచ్చేది ఎర వివరం కంటే చోటు వివరం. ఫలానా వంతెన కింద ఫలానా మడుగు అని చాటితే జనం మూగుతారు, ఎర ఎలా కట్టాలో చెబితే ఎవడి ఏటికి వాడు పోతాడు. చోటు గుట్టుగా ఉంచండి, కట్టు చెప్పండి అన్నదే సరైన గీత. ఎలాగూ కట్టును దాచడం సాధ్యమయ్యే పని కాదు. క్యాట్‌స్కిల్ ప్రాంతంలో రూబ్ క్రాస్ పేరున్న ఎరల కట్టుబడిదారు. 1920లలో వాల్ట్ డెటీ అనే యువకుడు నేర్పమని అడిగితే ఆయన కాదన్నాడనీ, డెటీ ఆయన ఎరలే కొనుక్కొచ్చి ఒక్కో చుట్టూ విప్పి చూసి నేర్చుకున్నాడనీ అక్కడ చెప్పుకుంటారు. వాల్ట్, విన్నీ డెటీ దంపతులు ఆ ప్రాంతపు కట్టుకు తర్వాతి దశాబ్దాలకు ఆధారమయ్యారు. విప్పితే రహస్యమంతా బల్ల మీద పరుచుకునే వస్తువు ఇది.

కట్టడమే బతుకుతెరువైనవాళ్ల మాట వేరు. కొత్త నమూనా తెచ్చినవాడికి పేరూ ప్రతిఫలమూ దక్కాలి. అమెరికాలో కొన్ని ఎరల కంపెనీలు నమూనా రూపకర్తకు రాయల్టీ ఇస్తున్నాయి. అది మంచి పద్ధతే. కానీ అమ్మకానికి వచ్చే ఎరల్లో పెద్దవంతు కెన్యా, శ్రీలంక, థాయిలాండ్ వంటి దేశాల కార్మికుల చేతుల్లో తయారవుతాయి. వాళ్ల పేరు డబ్బా మీద ఎక్కడా ఉండదు. పంపకం గురించి ధర్మం మాట్లాడేటప్పుడు ఈ చేతుల సంగతి కూడా రావాలి.

నమూనాను అక్షరం పొల్లుపోకుండా కొలిస్తే ఏమవుతుందో సాల్మన్ ఎరలు చెబుతాయి. విక్టోరియా రాణి కాలంలో బ్రిటన్‌లో సాల్మన్ చేపల కోసం కట్టిన ఎరలు నగల్లా ఉంటాయి. జార్జ్ కెల్సన్ 1895 నాటి గ్రంథంలో ఒక్కో ఎరకు దేశదేశాల పక్షుల ఈకలు వాడమని రాశాడు. మన దక్షిణ భారతపు అడవికోడి పుంజు మెడ మీద, కొస మైనపు చుక్కల్లా మెరిసే ఈకలుంటాయి. వాటికీ ఆ జాబితాలో పెద్ద చోటే ఉంది. ఆ గిరాకీకి అడవికోళ్లు బలయ్యాయి. మన వన్యప్రాణి చట్టం ఇప్పుడు ఆ వేటనూ వ్యాపారాన్నీ నిషేధిస్తోంది. విచిత్రం ఏమిటంటే, గుడ్లు పెట్టడానికి నదిలోకి వచ్చే అట్లాంటిక్ సాల్మన్ ఆ రోజుల్లో తిండే తినదు. ఫలానా పక్షి ఈకే కావాలన్న పట్టింపుకు చేప వైపు నుంచి ఆధారం లేదు. రంగు వేసిన ఈకలతో, వెంట్రుకలతో కట్టిన సాదా ఎరలకూ సాల్మన్ పడుతోంది. అయినా పాత జాబితాను మంత్రంలా పట్టుకున్నవాళ్లున్నారు. 2009లో ఇంగ్లండులోని ట్రింగ్ మ్యూజియం నుంచి ఒక సంగీత విద్యార్థి 299 పక్షి చర్మాలు దొంగిలించాడు. ఎరలు కట్టేవాళ్లకు ఈకలు అమ్ముకోవడానికి. వాటిలో ప్రకృతి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ సేకరించినవీ ఉన్నాయి. శాస్త్రానికి జరిగిన ఆ నష్టం పూడదు. దీన్ని చూపి నమూనాలు పంచడమే తప్పనేవాళ్లకు నేను చెప్పేది: ఈకకు బదులు ఏది వాడవచ్చో, ఎందుకు వాడవచ్చో కూడా ఆ జాబితాతోపాటు పంచుకుని ఉంటే ఆ మోజుకు అంత ధర పలికేది కాదు.

అసలు వినోదం కోసం చేపను గాలానికి తగిలించడమే హింస కదా అన్న ప్రశ్న కూడా ఉంది. అది న్యాయమైనదే, దానికి పూర్తి జవాబు నా దగ్గర లేదు. వెనక్కి తిరిగిన ముల్లు నొక్కేసిన గాలం, తడి చేతులు, చేపను నీటిలోంచి పైకెత్తకుండా వదలడం హింసను తగ్గిస్తాయి, పోగొట్టవు.

మన దేశంలోకి ఈ విద్య దొరల పెట్టెల్లో వచ్చింది. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివాన్ థామస్ 1873లోనే మన చేపల వేట మీద పుస్తకం రాశాడు. ఆ తర్వాత కాశ్మీర్‌లో, నీలగిరుల్లో విదేశీ ట్రౌట్‌లను తెచ్చి వదిలారు, వాటితోపాటు ఇంగ్లండు నమూనాలూ దిగాయి. హిమాలయ నదుల్లో మాసీర్ అనే చేప కోసం ఎరలు కట్టేవాళ్లు ఇప్పుడు గట్టిగానే ఉన్నారు. తెలుగు నేల మీద ఫ్లై ఫిషింగ్ పెద్దగా లేదుగానీ, దానికి తగిన చేప మన చెరువుల్లో ఉంది. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను గాలి పీల్చడానికి పైకి వస్తుంది, కప్పను చూస్తే ఊరుకోదు. కానీ అది ఉండేది నాచులో, తామరాకుల కింద. అమెరికా బాస్ ఎరను తెచ్చి వేస్తే మొదటి విసురుకే ఆకులకు చిక్కుకుంటుంది. ముల్లుకు అడ్డంగా నైలాన్ తీగ ఉచ్చు కట్టాలి, జింక వెంట్రుకల బదులు తేలే ఫోమ్ ముక్కతో తల చేయాలి, రబ్బరు పోగులతో కాళ్లు పెట్టాలి, మందమైన తాడు వాడాలి. వన్యప్రాణి చట్టం దృష్టిలోనూ ఫోమే క్షేమం. పిల్లల గుంపుకు కాపలా కాస్తున్న తల్లిదండ్రుల జోలికి పోకూడదు, వాటిని పడితే గుంపంతా మిగతా చేపల పాలవుతుంది. చెరువు మత్స్యకారుల సంఘం చేతిలో ఉంటే వాళ్ల అనుమతి తప్పనిసరి. ఏ వేళ ఎక్కడ బుడగ వస్తుందో వాళ్లకు తెలిసినంత ఏ పుస్తకానికీ తెలియదు.

కాబట్టి ఎర కట్టి నలుగురికీ పంపే తెలుగువాళ్లు, ఇక్కడున్నా అమెరికాలో ఏ ఏటి ఒడ్డున ఉన్నా, ఫొటోతో ఆపేయకండి. గాలం నంబరు, బరువు, వాడిన సరుకు, దానికి బదులు వాడదగ్గది, నీటి లోతు, వడి, తేట, నెల, వేళ, చేప, అది ఆ పూట ఏం తింటోంది, ఎరను ఎలా నడిపారు అన్నవి నాలుగు వాక్యాల్లో రాయండి. ఎవరి నమూనా నుంచి మొదలుపెట్టారో వాళ్ల పేరు చెప్పండి. ఏ నీళ్లలో ఆ ఎర పనిచేయలేదో అదీ రాయండి, అందుకున్నవాడికి అన్నిటికంటే పనికొచ్చే సమాచారం అదే.